నల్లమల కోతుల డంపింగ్‌యార్డు కాదు

2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో తెలంగాణ పల్లెల్లో ఓటర్లు గట్టిగా అడిగిన వాటిలో కోతుల బెడద ఒకటి. రోడ్డు, మోరీ, తాగునీటితో సమానంగా దాన్నీ అడిగారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ అభ్యర్థులకు ఆ ప్రశ్న తప్పలేదు. గెలిచినవాళ్లు మాట నిలబెట్టుకోవాలని చూస్తున్నారు. వాళ్ల ముందు కనిపిస్తున్న దారి ఒక్కటే: కోతులు పట్టేవాళ్లను పిలిపించడం, తలకు ఇంత అని బేరం చేసుకోవడం, బోన్లు పెట్టించడం, నిండిన బోన్లను బండికెక్కించి ఊరి పొలిమేర దాటించడం. ఆ బండి ఎక్కడికి పోతుందని అడిగేవారు తక్కువ. అడిగితే వచ్చే జవాబు ‘నల్లమలకు’ అని. ఊరివాళ్లకు ఆ ఒక్క మాటతో తృప్తి కలుగుతుంది. పంచాయతీ పుస్తకంలో ఖర్చు రాసుకుంటే పని అయిపోయినట్టే. నా అభిప్రాయంలో పని అక్కడ అయిపోవడం లేదు, చెడిపోతున్నది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయకుండా కోతిని ఒకచోట పట్టి మరోచోట వదలడాన్ని ఈ మూడు జిల్లాల్లో వెంటనే ఆపాలి. ఆ డబ్బుతోనే పాలమూరు గడ్డ మీద ఒక ఆపరేషన్ కేంద్రం పెట్టుకోవాలి.

ఈ మాట అంటున్నానంటే రైతు గోస తెలియక కాదు. యాసంగి పల్లి ఈ ప్రాంతపు ప్రాణం. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి మార్కెట్ యార్డులు ఏటా పల్లికాయతోనే కళకళలాడతాయి. కోతుల గుంపు పల్లిచేన్లో దిగిందంటే తిన్నంత తిని ఊరుకోదు. ఊడలు దిగీ దిగని మొక్కను కూడా పీకి చూస్తుంది, కాయ ముదరలేదని పారేస్తుంది, పక్క మొక్కకు పోతుంది. కడుపులోకి పోయేది కొంత, పాడయ్యేది అంతకు ఎన్నో రెట్లు. మక్కచేనుకైనా, కూరగాయల మడికైనా, కొల్లాపూర్ మామిడితోటకైనా ఇదే గతి. అడవిపంది రాత్రిపూట వస్తే కోతి పగటిపూట వస్తుంది. అంటే కాపలా ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. ఇంట్లో ఒక మనిషి కూలి పోగొట్టుకుని చేనుకాడ కూర్చోవాలి. ఆ మనిషి చాలాచోట్ల ఆడమనిషి, లేదంటే బడి మానిన పిల్లవాడు. ఆ కాపలా కూలి ఏ నష్టపరిహారం లెక్కలోకీ ఎక్కదు. చివరికి రైతు పల్లి మానేసి, కోతి ముట్టని పత్తివైపు మళ్లుతాడు. కోతుల వల్ల పంట మారిందంటే పశువుకు కట్టె కరువైంది, ఇంట్లో నూనెగింజ కరువైంది, చేను ఒకే పంట మీద పడింది అని అర్థం. కాబట్టి కోతులు తగ్గాలి. అందులో రెండో మాట లేదు. అవి నిజంగా తగ్గే దారి ఏది, తగ్గినట్టు కనబడే దారి ఏది అన్నదే తేలాలి.

‘అడవి కొట్టేశాం, అందుకే ఊళ్లోకి వచ్చాయి, మళ్లీ అడవికి పంపితే సరి’ అని అందరం అనుకుంటాం. ప్రభుత్వాలూ అలాగే అనుకున్నాయి. 2015లో హరితహారం మొదలైనప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అని పిలుపునిచ్చారు. ఆ తర్వాత పండ్ల మొక్కలతో ‘మంకీ ఫుడ్ కోర్టు’లన్నారు. అందులో సగం నిజం ఉంది. పాలమూరు గుట్టల మీది సీతాఫలం, రేగు, తునికి, చేనుగట్ల మీది చింత, మేడి, రోడ్ల పక్కన మర్రి, రావి కోతికి తిండి పెట్టేవి. రోడ్ల వెడల్పుకు చెట్లు పోయాయి, కంకర కోసం గుట్టలే పోయాయి. మిగతా సగం ఏమిటంటే, మన ఊళ్లలో తిరిగే రీసస్ కోతి ఏనాడూ పూర్తిగా అడవి జంతువు కాదు. గుడి, సత్రం, రైల్వేస్టేషన్, ఊరి చివరి చింతతోపు దాని చోట్లు. మనిషి పక్కన బతకడం నేర్చిన జాతి అది. పైగా ఇప్పుడు జూరాల ప్రాజెక్టు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో ఒకప్పుడు వానాకాలం తప్ప పచ్చన కనబడని చేను వేసవి దాకా పచ్చగా ఉంటున్నది. కరువు జిల్లాలో కోతికి ఆకలినెలలు ఉండేవి. ఆకలినెలల్లో పిల్లలు తక్కువ బతికేవి. ఇప్పుడు ఆ నెలలు కరిగిపోయాయి. మనకు నీళ్లు రావడం తప్పని ఎవరూ అనరు. కానీ పల్లికాయ రుచి, కిరాణా కొట్టు బిస్కట్ రుచి తెలిసి, ఊళ్లోనే పుట్టి పెరిగిన కోతిని అడవిలో దింపి ‘నీ ఇంటికి పంపాం’ అనుకుంటే అది మన భ్రమ. దానికి అది ఇల్లు కాదు.

పట్టి వదలడం ఎందుకు పనిచేయదో కోతుల గుంపు కట్టుబాటును చూస్తే తెలుస్తుంది. గుంపుకు వెన్నెముక ఆడకోతులు. తల్లి, బిడ్డ, ఆ బిడ్డకు బిడ్డ ఒకేచోట ఉంటాయి. మగపిల్ల ఎదిగాక గుంపు విడిచి పోతుంది. బోనులో ముందుగా పడేవి తెగువ చేసి ముందుకొచ్చే మగకోతులు, ఎదిగీ ఎదగని పిల్లలు. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లి వెనకే ఉండిపోతుంది. తలకు ఇంత అని కూలి ఇచ్చేటప్పుడు పట్టేవాడికి సంఖ్య కావాలి, ఏ కోతి పడిందో అతనికి పట్టదు. గుంపులో సగం పోయి సగం మిగిలితే, మిగిలినదానికి తిండి ఎక్కువవుతుంది. ఆడకోతి ఐదున్నర నెలలు మోసి ఒక్కో పిల్లను కంటుంది. తిండి బాగుంటే ఏడాదికి ఒకటి, లేకుంటే రెండేళ్లకు ఒకటి. ఈ ఊరు ఖాళీ అయితే పక్క ఊరి గుంపు ఆ చింతతోపులోకి జరుగుతుంది. రెండేళ్లు తిరిగేసరికి పంచాయతీ మళ్లీ అదే బేరం చేసుకోవలసి వస్తుంది. అవతలి కొసన ఏం జరుగుతుందో చూడాలంటే ఢిల్లీ చాలు. 2007లో హైకోర్టు ఆదేశంతో అక్కడ వేల కోతుల్ని పట్టి అసోలా భట్టి అభయారణ్యానికి తరలించారు. సర్కారు ఖర్చుతో తిండి పెట్టారు. కోతులు గోడ దాటి చుట్టుపక్కల బస్తీల్లో పడ్డాయి. నగరంలోనూ తగ్గలేదు. దేశ రాజధానికి ఉన్న డబ్బు, గోడలు, కోర్టు నిఘా మన పంచాయతీలకు లేవు.

మన అసోలా నల్లమల. రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం మ్యాపు మీద ఖాళీ జాగాలా కనబడుతుంది. అది ఖాళీ కాదు. పెంటలనే గూడేల్లో చెంచులున్నారు. అంచున అచ్చంపేట, అమ్రాబాద్, పదర, లింగాల మండలాల్లో గుంటెడు భూమి నమ్ముకున్న రైతులున్నారు. వనపర్తిలో పట్టిన కోతిని మన్ననూరు దాటించి వదిలితే అది పులి నోటికి నేరుగా పోదు. మనిషి వాసన వచ్చే దిక్కుకే వస్తుంది. దానికి మొదట కనబడేవి చెంచు గుడిసె, గుడిసె ముందరి మక్కలు, దడి మీది సొరపాదు. చెంచులు ఏరుకునే తునికి, మామిడి, ఉసిరి కూడా అదే కోతి తింటుంది. మైదానం రైతుకైతే పంచాయతీ ఉంది, ఓటు బలం ఉంది, బండి మాట్లాడే డబ్బు ఉంది. పెంటలో ఉండే మనిషికి అవేవీ లేవు. వేరేవాళ్ల ఇబ్బందిని తెచ్చి తన వాకిట్లో దింపుతున్నప్పుడు ఆ మనిషిని ఎవరూ అడగలేదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అడవిని, అందులోని బతుకును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అలాంటిచోట గ్రామసభ మాట లేకుండా లారీలకొద్దీ జంతువుల్ని దింపడం అన్యాయం. ఈ ఒక్క కారణం చాలు, ఈ పద్ధతి ఆపడానికి.

ఇంకో కారణం కృష్ణానది. ఈ మూడు జిల్లాలు దాని రెండు గట్లనూ అంటుకుని ఉన్నాయి. నడిగడ్డ అని పిలిచే గద్వాల ప్రాంతమైతే కృష్ణా తుంగభద్రల నడుమనే ఉంది. ఉత్తరాది రీసస్ కోతి, దక్షిణాది బోనెట్ కోతి ఎదురుపడే మేర ఇది. మొదటిది పొట్టితోకది, వెనకభాగం ఎర్రగా ఉంటుంది. రెండోదానికి తోక పొడవు, నెత్తిన జుట్టు టోపీలా పరుచుకుని ఉంటుంది. బోనెట్ కోతి దక్షిణ భారతం తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా బతకదు. రీసస్ దక్షిణానికి జరుగుతూ దాని చోటును ఆక్రమిస్తున్నదని, బోనెట్ కోతి భవిష్యత్తుకే ఇది ముప్పు అని భారతీయ శాస్త్రవేత్తలు 2011లోనే రాశారు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం కూడా బోనెట్ కోతిని ముప్పున్న జాతుల్లో చేర్చింది. జాతుల మధ్య ఉన్న దూరాన్ని బండ్లకెక్కించి మనమే చెరిపేస్తున్నాం. చట్టం కూడా రెండింటినీ ఒకేలా చూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో రీసస్ షెడ్యూళ్ల నుంచి తప్పింది, బోనెట్ మొదటి షెడ్యూల్‌లో ఉంది. అంటే రెండోదాన్ని అనుమతి లేకుండా పట్టడం పెద్ద నేరం. బోను పెట్టేవాడికి, పెట్టించే సర్పంచుకు ఈ తేడా ఎవరైనా చెప్పారా? చెప్పకుండా పని చేయించి, రేపు కేసు పెడితే బలయ్యేది ఆ కూలిమనిషే.

ఒకచోటి జంతువును మరోచోట వదిలి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో న్యూజిలాండ్‌కు బాగా తెలుసు. అక్కడ కుందేళ్లు గడ్డిని నాశనం చేస్తున్నాయని 1880ల్లో ఫెరెట్లను, వాటి చుట్టాలైన స్టోట్‌లను తెచ్చి వదిలారు. ఫెరెట్ మన ముంగిసలా పొడుగ్గా, చురుగ్గా ఉండే పెంపుడు వేటజంతువు. వద్దని పక్షి శాస్త్రవేత్తలు అప్పుడే మొత్తుకున్నారు. కుందేళ్లు అలాగే ఉన్నాయి. ఎగరలేని కివి పక్షులు మాత్రం ఫెరెట్ నోట పడ్డాయి. ఇప్పుడు 2050 నాటికల్లా వాటిని దేశంలో లేకుండా చేయాలన్నది 2016లో ఆ ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. ఆ పని చేసే తీరు మనం నేర్చుకోదగ్గది. బోను పెట్టకముందు జంతువు ఎక్కడ ఉందో వెతుకుతారు. సిరా పూసిన చిన్న గూళ్లలో పాదముద్రలు చూస్తారు, కెమెరాలు పెడతారు, వాసన పట్టే కుక్కల్ని తిప్పుతారు. పట్టాక మళ్లీ వెతుకుతారు. ఎన్ని పట్టామన్నది వాళ్లకు ముఖ్యం కాదు, ఎన్ని మిగిలాయన్నది ముఖ్యం. మనకు ఆ రెండో లెక్కే లేదు. ఈ మూడు జిల్లాల్లో ఏ ఊళ్లో ఎన్ని గుంపులు, గుంపుకు ఎన్ని ఆడకోతులు, ఏ తోపులో పడుకుంటాయి, ఏ చేన్లో దిగుతాయి అన్న లెక్క తీస్తే సగం పని అయినట్టే. దానికి శాస్త్రవేత్తలే దిగిరానక్కర లేదు. ప్రతి ఊళ్లో కాపలా కాసే ఆడవాళ్లకు ఆ సంగతంతా తెలుసు. రాసుకునేవాళ్లు కావాలి.

మరి పట్టాక ఏం చేయాలి? ఆపరేషన్ చేసి, పట్టినచోటనే వదలాలి. మనకు ఇది కొత్తేమీ కాదు. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని అప్పటి అటవీ మంత్రి ఇంద్రకరణ్‌రెడ్డి ప్రారంభించారు. దక్షిణాదిలో అదే మొదటిది. అయితే గద్వాల నుంచి నిర్మల్ దాదాపు 400 కిలోమీటర్లు. ఎండాకాలం బోన్లలో కోతుల్ని పెట్టుకుని అంత దూరం పోయి, ఆపరేషన్ చేయించి, గాయం మానాక మళ్లీ వెనక్కి తెచ్చే పంచాయతీ ఏది? అందుకే బండి నల్లమల దాకానే పోతుంది. హిమాచల్ ప్రదేశ్ ఈ పని 2006–07లో మొదలుపెట్టింది. ఒక్క కేంద్రంతో సరిపెట్టకుండా జిల్లాల్లో పెట్టుకుంటూ పోయింది. లక్షన్నరకు పైగా కోతులకు ఆపరేషన్లు చేసింది. అక్కడి అటవీశాఖ లెక్కల్లో 2015లో రెండు లక్షలకు పైగా ఉన్న కోతులు 2020 నాటికి లక్షా ముప్పై ఆరు వేలకు తగ్గాయి. ఆ లెక్కల్ని అక్కడి రైతు నాయకులు ఒప్పుకోలేదు, గుంపులు చెదిరి కొత్త ఊళ్లకు పాకాయన్నారు. వాళ్ల మాటను కొట్టిపారేయకూడదు. పట్టినచోట వదలకపోతే, గుంపును గుంపుగా పట్టకపోతే చెదరడం ఖాయం. ఆడకోతుల్లో అధికభాగానికి ఆపరేషన్ చేయకుండా మగకోతుల సంఖ్య చూపించి మురిస్తే ఫలితం రాదు. మిగిలిన ఒక్క మగకోతి చాలు గుంపు పెరగడానికి.

‘ఇదంతా పదేళ్ల మాట, నా పల్లిచేను ఈ నెలలోనే పోతున్నది’ అని రైతు అంటే ఆ మాటను కాదనలేం. ఆపరేషన్ చేసిన కోతి మరుసటి రోజూ తింటుంది. ఈలోపు రైతును ఒంటరిగా వదిలేయకూడదు. అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులన్నది రాష్ట్రాలే నోటిఫై చేయాలి. ఆ జాబితాలో కోతి ఉండేలా మన రాష్ట్రం చూడాలి, ఈ మూడు జిల్లాల ఎమ్మెల్యేలు పట్టుబట్టాలి. ఒక్కో రైతు ఒక్కో కంచె వేసుకుంటే కోతి పక్క చేనుకు దూకుతుంది. అందుకే గుట్ట పొడుగునా పల్లిచేన్లన్నీ కలిపి సోలార్ కంచె వేసుకునే రైతులకు సబ్సిడీ ఇవ్వాలి. ఉపాధి హామీ కూలితో కాపలా మనుషుల్ని పెట్టే ఆలోచన కూడా చేయవచ్చు. కొండముచ్చును కొనుక్కొచ్చి గొలుసుతో కట్టేయడం మాత్రం వద్దు. అది కూడా చట్టం రక్షణ ఉన్న జంతువే. పైగా కొన్నాళ్లకు కోతులకు దాని భయం పోతుంది. ఎలుగుబంటి వేషం కట్టిన మనిషి భయమూ అంతే.

చంపేస్తే పీడ పోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. హిమాచల్‌లో 2016లో కొన్ని ప్రాంతాల్లో రీసస్‌ను హానికర జంతువుగా ప్రకటించి, చంపడానికి అనుమతి ఇచ్చారు. చంపడానికి జనం ముందుకు రాలేదు. ఊరూరా హనుమంతుడి గుడి ఉన్న మన దగ్గర వస్తారా? బహిరంగంగా రారు. చాటుగా జరిగేది మరీ ఘోరంగా ఉంటుంది. 2021 జూలైలో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో 38 బోనెట్ కోతుల్ని చంపి గోనెసంచుల్లో రోడ్డు పక్కన పడేస్తే అక్కడి హైకోర్టు తానే కేసు చేపట్టింది. లెక్కాపత్రం లేని కోతుల వ్యాపారం చివరికి చేరేది అక్కడికే. పట్టిన బండి నల్లమల దాకా పోయిందో, దారిలోనే ఖాళీ అయిందో చూసేవాళ్లు లేనప్పుడు మన దగ్గర అలాంటిది జరగదని ఏ నమ్మకంతో అంటాం?

తిండి పెట్టేవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ మాట అసంపూర్ణం. మన్ననూరు నుంచి ఈగలపెంట దాకా శ్రీశైలం రోడ్డు మీద కారు ఆపి అరటిపండు, మురుకులు, బిస్కట్లు విసరడం పుణ్యమని నమ్మేవాళ్లు ఎందరో. ఆ నమ్మకాన్ని నేను చులకన చేయను. ఆకలిగా చూసే ప్రాణికి పెట్టాలనిపించడం మంచి గుణమే. కానీ ఆ అరటిపండు కోసం కోతి అడవి వదిలి తారురోడ్డు మీద కాచుకుంటుంది, బండి కింద పడుతుంది. సంచి కనబడితే లాక్కోవడం నేర్చుకుంటుంది. అలా నేర్చిన గుంపు మనుషుల కోసం కాచుకోవడమే మరిగిపోతుంది. ఉమామహేశ్వరం దగ్గరైనా, అలంపురంలోనైనా గుడిముందు జరిగేది ఇదే. పెట్టాలనే మనసున్నవాళ్ల కానుకను గుళ్లు ఆపరేషన్ కేంద్రానికి మళ్లించవచ్చు. కోతికి నిజంగా మేలు చేసేది ఆ రూపాయే. రోడ్డు మీద పెట్టేవాళ్లను ఆపడం అటవీశాఖ పని. మన్ననూరు చెక్‌పోస్టులో ప్లాస్టిక్ గురించి చెప్పినంత గట్టిగా ఇదీ చెప్పాలి.

ఇక డబ్బు. పంచాయతీ సొమ్ముతో ఏటా పట్టించి వదలడానికి ఒక్కో ఊరు పెట్టే ఖర్చును మూడు జిల్లాలూ కలిపితే పశువైద్యులు, మత్తు మందు, రేబిస్ టీకా, ఒక షెడ్డు, రెండు బండ్లు ఉన్న కేంద్రానికి పునాది పడుతుంది. మిగతాది రాష్ట్రం పెట్టాలి. మూడు జిల్లాలకూ నడుమ, వనపర్తి పరిసరాల్లో అది ఉంటే గద్వాల నుంచైనా, నాగర్‌కర్నూల్ నుంచైనా రెండు మూడు గంటల్లో బోను చేరుతుంది. ఆపరేషన్ అయిన కోతికి చెవి మీదనో, ఒంటి మీదనో గుర్తు వేసి, పట్టిన తోపులోనే వదిలి, ఆ సంగతి పంచాయతీ రిజిస్టరులో ఎక్కించాలి. కేంద్రం తయారయ్యేదాకా పంచాయతీలు కోతుల పట్టివేతకు కొత్త ఒప్పందాలు రాసుకోకుండా కలెక్టర్లు ఉత్తర్వు ఇవ్వాలి. తప్పనిసరై రాసుకుంటే అందులో నాలుగు షరతులు ఉండాలి: పట్టేముందు అటవీశాఖ మనిషి జాతిని గుర్తించాలి, కూలి తలల లెక్కన కాకుండా ఆపరేషన్ రసీదు మీద ఇవ్వాలి, పిల్లను తల్లి నుంచి విడదీయకూడదు, బండి ఎక్కడ ఆగిందో ఆ ఊరి గ్రామసభ సంతకం తేవాలి. అమ్రాబాద్ మండలంలో ఏ గ్రామసభా ఆ సంతకం పెట్టదని నాకు తెలుసు. అందుకే ఆ షరతు ఉండాలంటున్నాను.